అంబేడ్కర్ మావాడంటే మావాడు!

అంబేడ్కర్ మావాడంటుంది కాంగ్రెస్. 1952 ఎన్నికల్లో ఆయన్ని ఓడించింది మీరే కదా అంటుంది బీజేపీ. 1990 దాకా భారతరత్న ఇవ్వడానికి చేతులు రాలేదేమని మరో పోటు. 2024 డిసెంబరులో పార్లమెంటులో రాజుకున్న ఈ ఆస్తి తగాదా, మరుసటి నెలకే బెళగావిలో 'జై బాపు, జై భీమ్, జై సంవిధాన్' సభ దాకా వచ్చింది. దండల వ్యాపారులకు పండగే!

ఇంతమంది వారసులున్నారు కదా, బళ్లారి సరిహద్దులో చిన్న పని ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్రలో కలిసేదాకా రాయదుర్గం బళ్లారి జిల్లాలోదే. ఇప్పుడు బళ్లారిలో వాల్మీకి కులపు అల్లుడు ఎస్టీ, రాయదుర్గంలో పిల్లనిచ్చిన మామ బీసీ. అక్కడ లోక్‌సభ సీటే ఎస్టీ రిజర్వుడు. ఇక్కడ తీర్మానాలే మిగిలాయి. వాల్మీకులను ఎస్టీల్లో చేర్చాలని ఆంధ్ర అసెంబ్లీ 2017లో బాబు హయాంలో ఒకటి, 2023లో జగన్ హయాంలో ఇంకొకటి చేసి ఢిల్లీకి పంపింది. ఢిల్లీ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నట్టుంది.

ఎస్టీ జాబితా మార్చే దారి అంబేడ్కర్ రాజ్యాంగంలోనే, 342వ అధికరణంలో ఉంది. తెరిచి చూద్దామంటే వారసులంతా ఊరేగింపులో ఉన్నారాయె! ఏప్రిల్ 14న జయంతి సభలో మామకు అన్ని రంగుల కండువాలూ కప్పుతారు. సర్టిఫికెట్ సంగతెత్తితే మాత్రం, "సభ అయ్యాక కనిపించు పెద్దాయనా!"