వెలుగు పెరిగితే మేలనుకున్నాను

సైబీరియాలోని క్రాస్నోయార్స్క్ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన ఒక పరిశోధన పత్రం చదివి పొంగిపోయాను. చదివానంటే సారాంశం చదివాను, గ్రాఫులు చూశాను. మిగతాదానికి ఓపిక పట్టలేదు.

సముద్రంలో ఫోటోబ్యాక్టీరియం ఫాస్ఫోరియం అనే బ్యాక్టీరియా ఉంది. దాని కణంలోని లూసిఫెరేజ్ అనే ఎంజైము ఆక్సిజన్ సాయంతో నడిపే రసాయన చర్యలో నీలి ఆకుపచ్చ కాంతి పుడుతుంది. కణం దెబ్బతింటే కాంతి తగ్గుతుంది. అందుకే నీళ్లలో విషముందేమో తేల్చడానికి ఇలాంటి బ్యాక్టీరియాను వాడతారు. క్రాస్నోయార్స్క్ వాళ్లు దాన్ని ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ ఉన్న నీళ్లలో పెట్టి చూశారు, లీటరుకు 200 మెగాబెక్విరెల్స్ దాకా. మొదట ఏ మార్పూ లేదు. తర్వాత వెలుగు మామూలుకన్నా పెరిగింది. ఆ తర్వాత పడిపోయింది.

నా కంటికి ఆ మధ్య దశే ఆనింది. మోతాదు ఎంత తక్కువైనా దానికి తగ్గ ముప్పు ఉంటుందనే సరళరేఖను కాలేజీ రోజుల నుంచీ నమ్మినవాణ్ని. రేడియేషన్ రక్షణ నియమాలకు ఆధారం కూడా అదే. ఇక్కడ ఆ సరళరేఖ కనబడలేదని పత్రమే చెబుతోంది. దాంతో, కొద్దిపాటి రేడియేషన్ ప్రాణికి బలమేనని తీర్మానించేసుకున్నాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మా బాబాయి కొడుకు ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. పండక్కి వచ్చినప్పుడు, రేడియేషన్‌ను ఆపే సీసపు యాప్రాన్ బరువుకి నడుం లాగేస్తోందన్నాడు. "కొంచెం డోసుకి ఏం కాదురా, పైగా మంచిదే" అని ఆ గ్రాఫు చూపించాను. చదువుకున్న అన్నయ్య చెప్పాడని వాడు నమ్మాడు. యాప్రాన్ మేకుకి వేలాడింది, ఒంటికి తగిలే డోసును కొలవడానికి ఛాతీకి పెట్టుకోవాల్సిన టీఎల్‌డీ బ్యాడ్జీ డ్రాయరులోకి పోయింది.

చాలా కాలానికి ఆ పత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. అందులోనే ఇంకో ప్రయోగం ఉంది. కణం లేకుండా, వెలుగు పుట్టించే ఎంజైములను మాత్రమే ట్రిటియం నీళ్లలో పెట్టారు. మోతాదు ప్రభావం వాటి మీదా ఉంది గానీ, ఆ మూడు దశలు మాత్రం కనిపించలేదు. అంటే ఆ మధ్య దశ బతికున్న కణం చేసే పని. ఒత్తిడిని పసిగట్టడం, దాన్ని తట్టుకోవడానికి పెనుగులాడటం, చివరికి లొంగిపోవడం అని పరిశోధకులే ఆ దశలను వివరించారు. ఒంటికి జ్వరమొస్తే వేడి పుంజుకుందని సంతోషించినట్టుంది నేను చేసిన పని. లీటరుకు 100 మెగాబెక్విరెల్స్ దగ్గర దెబ్బతిన్న కణాల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు కూడా అందులో ఉన్నాయి. మొదటిసారి వాటిని దాటేశాను.

అసలు ట్రిటియం నుంచి వచ్చే బీటా కణం నీళ్లలో మిల్లీమీటరులో వందో వంతు దూరం కూడా పోలేదు. ఎక్స్‌రే మనిషిని దాటుకుని అవతలికి పోతుంది. బ్యాక్టీరియా ఏకకణజీవి, దానికి క్యాన్సర్ అనే ప్రశ్నే లేదు. మనిషిలో దెబ్బతిన్న ఒక్క కణం ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడొచ్చు. ఇవేవీ నాకు కొత్తగా తెలిసిన సంగతులు కావు. తెలిసి కూడా, నచ్చిన గ్రాఫు ముందు పక్కనపెట్టాను. నన్ను ఎక్కువగా బాధిస్తున్నది ఇదే.

వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. వాడు కోప్పడలేదు. "అయితే ఆ వెలుగు అబద్ధమా అన్నయ్యా?" అన్నాడు. వెలుగు నిజమేరా, మేలు అన్నది నేను కల్పించుకున్నదని చెప్పాను. మర్నాటి నుంచి యాప్రాన్, బ్యాడ్జీ రెండూ వేసుకుంటున్నాడు. బ్యాడ్జీ మూడు నెలలకోసారి లెక్కకి పోతుంది, ఏడాదికి 30 మిల్లీసీవర్టులు దాటకూడదని నియమం. డ్రాయరులో ఉన్నన్నాళ్లూ అది కొలిచింది డ్రాయరుకి తగిలిన డోసు. వాడి ఒంటికి తగిలింది ఎంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.