తెరుచుకోకపోయినా కిటికీ కిటికీయే

మా ఇంట్లో వాన పడి పద్నాలుగు నెలలైంది. బయటి వాన కాదు, బాత్రూమ్ వాన సంగతి చెబుతున్నాను.

విజయవాడ షోరూములో రెయిన్ షవర్ అని చూపించారు. అట్లపెనమంత ఉంది. కుర్రాడు మీట తిప్పగానే శ్రావణమాసం దిగొచ్చింది. మా ఆవిడ చెయ్యి చాపి తడుపుకుని నా వంక చూసింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ చూపుకి జవాబు ఒకటే అని నేర్చుకున్నాను. అక్కడ బిల్లు కట్టి, కీసర టోల్‌గేటులో ఇంకోటి కట్టి, పెనాన్ని ఒళ్లో పెట్టుకుని నందిగామ చేరాం.

బిగించి తిప్పితే ఓ చినుకు అటు, ఓ చినుకు ఇటు. ప్లంబరు పైకి చూసి, "ట్యాంకు ఎత్తు చాల్దండి మాస్టారూ" అన్నాడు. రిటైరైనా లెక్కల మాస్టారినే కాబట్టి అప్పుడు కూర్చుని లెక్క వేశాను. నీళ్లు 10 మీటర్ల ఎత్తునుంటే ఒక బార్ ఒత్తిడి. మా ట్యాంకుకీ షవర్‌కీ మధ్య 8 అడుగులు. అంటే పావు బార్ కూడా లేదు. కనీసం ఒక బార్ కావాలని డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉంది. షోరూములో శ్రావణమాసం గోడ వెనక మోటారుదట. పిల్లనిచ్చేటప్పుడు పెరడు దాకా చూసొస్తాం గానీ, షవర్ కొనేటప్పుడు గోడ వెనక్కి తొంగిచూడాలని ఎవరికి తోస్తుంది?

సరే, మనమూ మోటారు పెట్టించాం. వాన నెల్లాళ్లు కురిసింది. తర్వాత రంధ్రాలు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. మాది బోరు. మా మెట్టలో బోరు నీళ్లంటే సగం సున్నమే. జగ్గయ్యపేట చుట్టూ నేలంతా సున్నపురాయి. జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది దాని కోసమే. రెండు వేల ఏళ్ల కిందట ధనంబోడు గుట్ట మీద స్తూపానికి పలకలు చెక్కిందీ ఆ జాతి రాయే. బుద్ధుడికి స్తూపమైన రాయి, ఊళ్లకి సిమెంటైన రాయి, నా దగ్గరికొచ్చేసరికి షవర్‌లో పొలుసైంది. మా అమ్మ చింతపండు పెట్టి తోమింది. ఇత్తడి చెంబైతే తళతళలాడేది. ఇది పైపూత, సున్నంతోపాటు మెరుపూ ఊడింది. ఇప్పుడు షవర్ కింద బకెట్, బకెట్లో చెంబు. చెంబు మాత్రం పాతదే.

అసలు కథ కిటికీలది.

శ్లాబు పెచ్చులూడుతోందని 2022లో సంక్రాంతి వెళ్లగానే పని మొదలుపెట్టాం. అప్పటికి మాది కృష్ణా జిల్లా. ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా అయింది. జిల్లా మారింది గానీ, మేస్త్రి వదిలేసి వెళ్లిన తాపీ కదల్లేదు. ఆ ఖాళీలోనే మా బావమరిది జగ్గయ్యపేట నుంచి ఒక సిద్ధాంతిగారిని వెంటపెట్టుకొచ్చాడు.

ఆయన ఇల్లంతా తిరిగి కిటికీలు లెక్కపెట్టారు. తొమ్మిది. నుదురు చిట్లించారు. బేసి పనికిరాదట.

"ఇంకోటి పెడితే పదవుతాయి కదండీ" అన్నాను.

"పది చివర సున్నా ఉంది. సున్నా అంటే శూన్యం కదా మాస్టారూ."

నలభై ఏళ్లు పిల్లలకి సున్నా విలువ చెప్పినవాణ్ని. నోరు మూసుకున్నాను. పదకొండు మళ్లీ బేసి. కాబట్టి పన్నెండు. ఆ విధంగా మూడు కొత్త కిటికీలు పుట్టాయి. ఒకటి పక్కింటి గోడకి రెండడుగుల దూరంలో ఉంది; అందులోంచి గాలి రాదు గానీ వాళ్ల సీరియల్ పూర్తిగా వస్తుంది. రెండోది మెట్ల కింద, చీపుళ్ల కోసం. మూడోది స్టోరు రూములో. దాని ముందు బియ్యం బస్తాలు పెట్టాం, అది ఉన్నట్టు ఎలకలకి తప్ప ఎవరికీ తెలియదు.

ఒకసారి మాత్రం ఎదురు చెప్పాను. "మీ ఊరి గుట్ట మీదే ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట సిద్ధార్థుడనే పెద్దమేస్త్రి తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టి శాసనం చెక్కించాడు. 1882లో బర్జెస్ దొర తవ్వించిన చోటే. ఐదు బేసి కాదుటండీ?"

సిద్ధాంతిగారు తడుముకోలేదు. "అందుకే కదండీ బౌద్ధం ఇక్కడ నిలవలేదు."

పాపం ఆ సిద్ధార్థుడు అదృష్టవంతుడు. తల్లినీ భార్యనీ సోదరుణ్నీ కలుపుకుని కట్టాడట గానీ, డల్లాస్ నుంచి వీడియో కాల్ చేసే కొడుకు లేడు. నాకున్నాడు. "నాన్నా, పడమటి గోడకి సింగిల్ గ్లాస్ పెట్టించు, ఆరడుగుల బై ఐదు. వ్యూ వస్తుంది" అన్నాడు. వాడి కిటికీలోంచి చెరువు కనిపిస్తుంది. మా పడమటి వైపు ట్రాన్స్‌ఫార్మరు, దాని వెనక కట్టేసిన గేదె. కిటికీ తెరుచుకోదు కదరా అంటే, "ఓపెనింగ్ ఎందుకు, ఏసీ ఉంటుంది కదా" అన్నాడు. సిద్ధాంతిగారు అభ్యంతరం చెప్పలేదు. తెరుచుకోకపోయినా కిటికీ కిటికీయే, లెక్కలోకి వస్తుందట.

మే నెల ఎండల జాబితాలో రెంటచింతల పక్కన నందిగామ పేరు చూసే ఉంటారు. 45 దాటడం మాకు విశేషం కాదు. మామూలు గాజు సూర్యుడి వేడిలో ఐదు పాళ్లకి నాలుగు పాళ్లు లోపలికి వదులుతుంది. సాయంత్రం నాలుగింటికి ఆ గదిలో అప్పడాలు ఆరబెట్టుకోవచ్చు; మా ఆవిడ పెట్టింది కూడా. మొదట తెర వేశాం. తర్వాత నల్ల ఫిల్మ్ అంటించాం. చివరికి బయట గ్రీన్ నెట్ కట్టాం. ఇప్పుడు వ్యూ అంతా పచ్చగా ఉంది. గేదె కూడా పచ్చగానే కనిపిస్తోంది.

2018లో కేంద్ర విద్యుత్ శాఖ ఎకో నివాస్ సంహిత అని ఒకటి తెచ్చింది. సంహిత అని పేరు పెడితే సిద్ధాంతులూ చదువుతారని ఆశపడ్డారేమో. మనలా ఉక్కపోసే చోట్ల నేల వైశాల్యంలో ఆరో వంతు తెరుచుకునే కిటికీలుండాలని అందులో ఉంది. తెరుచుకునే అన్న మాట గమనించాలి. 12 బై 10 గదికి ఆ లెక్కన 20 చదరపు అడుగులు. సరిగ్గా 5 బై 4 స్లైడింగ్ కిటికీ పెట్టినా, ఒక తలుపు వెనక్కి ఇంకోటి జరుగుతుంది కాబట్టి చేతికొచ్చేది 10 అడుగులే. ఇరవైకి డబ్బు, పదికి గాలి. యూపీవీసీ షాపాయన డస్ట్ ప్రూఫ్, సౌండ్ ప్రూఫ్ అన్నాడు. గాలి ప్రూఫ్ అన్న సంగతి వినయం కొద్దీ చెప్పలేదు.

వంటిల్లు గురించి ఎక్కువ చెప్పను. మాడ్యులర్ కిచెన్‌లో టీ పెడతాం. చేపల పులుసూ మిరపకాయల పోపూ వెనక వసారాలో. మా మిరప ఘాటుకి చిమ్నీ ఓసారి దగ్గి ఊరుకుంది.

ఆ వసారాలోనే ఉంది అసలు కిటికీ. మా తాత చేయించిన టేకుది. పైన రెండు రెక్కలు, కింద రెండు, నిలువునా ఇనప ఊచలు. కింది రెక్కలు మూస్తే వీధికి మనం కనపడం, పైవి తెరిస్తే గాలి ఆగదు. కింది ఊచ ఒకటి మధ్యలో సన్నబడింది. నాలుగు తరాల పిల్లలు పట్టుకుని వేలాడిన చోటు అది. అమ్మ గదిలో దక్షిణపు గోడకి ఉండేది. వార్డ్‌రోబ్‌కి అడ్డమని తీసేశాం. పాతసామాన్ల అతను ఊచలు కిలోల లెక్కన, చెక్క పొయ్యిలోకని బేరం తెగ్గొడుతుంటే అమ్మ వెళ్లి దాని మీద కూర్చుంది. ఎనభై నాలుగేళ్ల మనిషిని కాటాలో వేయలేక అతను వెళ్లిపోయాడు. మర్నాడు మేస్త్రికి మజ్జిగిచ్చి, ఆ పెంకుల వసారా దక్షిణపు గోడకి అమ్మే దాన్ని పెట్టించుకుంది.

మొన్న వైశాఖంలో మధ్యాహ్నం కరెంటు పోయింది. మా ఆవిడ చాప తెచ్చుకుని వసారాలోకి వెళ్లింది. వెనక నేను. సెలవుకొచ్చిన డల్లాస్ వాడు ఫోనుతో సహా వచ్చి ఊచ పక్కన జారబడ్డాడు. సాయంకాలానికి పైరగాలి తిరిగింది. బావమరిది వచ్చాడు, మజ్జిగ తాగాడు, తువ్వాలు తల కింద పెట్టుకుని గంటసేపు గుర్రుపెట్టాడు.

లేచి కళ్లు నులుముకుంటూ కిటికీ వైపు చూశాడు. వేళ్లు ముడుస్తూ ఏదో గొణుక్కున్నాడు.

"బావా, ఇది లెక్కలో కలపలేదు కదూ? ఇప్పుడు పదమూడైంది."

ఎవరూ మాట్లాడలేదు. వాడు లేచి గోడలు కొలుస్తున్నాడు.