ఉక్కు టోపీ

మళ్లీ మొదలైంది పిట్స్‌బర్గ్ పారాయణం. అక్కడ ఉక్కు మిల్లులు మూతపడినా ఊరు మాత్రం ఆస్పత్రులతో, యూనివర్సిటీలతో, స్టీలర్స్ అనే ఫుట్‌బాల్ జట్టుతో కళకళలాడుతోందట. కాబట్టి విశాఖ కూడా ఏడుపు మాని, ఏదో ఒక జట్టు జెర్సీ తొడుక్కుని మురిసిపోవాలట. ఈ ఉపదేశం ఏసీ హాల్లో స్లైడ్ల మీద బాగానే ఉంటుంది. విశాఖ స్టీల్‌ప్లాంటు అమ్మకం వద్దంటూ 2021 ఫిబ్రవరిలో కూర్మన్నపాలెం కూడలిలో వేసిన దీక్షా శిబిరం ముందు మైకు పట్టుకుని చెప్పినవాళ్లు మాత్రం కనబడరు.

సరే, ఆ జట్టు పురాణమే విందాం. 1933లో ఆర్ట్ రూనీ పెట్టినప్పుడు దాని పేరు పైరేట్స్. 1940లో స్టీలర్స్ అయింది, ఊళ్లో కొలుములు మండుతున్నాయి గనక. పేరు ఉక్కే గాని ఆట పిండి. యుద్ధకాలంలో ఆటగాళ్లు చాలక 1944లో కార్డినల్స్‌తో కలిసి కార్డ్-పిట్ అని ఉమ్మడి కాపురం పెడితే, ఆడిన పదీ ఓడింది. జనం దాన్ని కార్పెట్స్ అన్నారు, వచ్చినవాడల్లా తొక్కుకుంటూ పోతున్నాడని. ప్లేఆఫ్‌లో తొలి గెలుపు 1972 డిసెంబరులో గాని దక్కలేదు.

అసలు ముచ్చట హెల్మెట్‌ది. 1962లో దానిమీద ఒక గుర్తు వచ్చింది. వలయంలో మూడు రంగుల నక్షత్రాలు: పసుపు బొగ్గుకు, నారింజ ఇనుప ఖనిజానికి, నీలం తుక్కుకు. అది జట్టు గీయించుకున్న బొమ్మ కాదు, అమెరికా ఉక్కు కంపెనీల సంఘానిది. అందులో ‘స్టీల్’ అని ఉన్నచోట ‘స్టీలర్స్’ అని రాసుకోవడానికి ఆ సంఘాన్ని అనుమతి అడగాల్సి వచ్చింది.

ఆ గుర్తునైనా రెండు పక్కలా అంటించారా? లేదు. ఎలా కనబడుతుందో చూద్దామని కుడిపక్కనే అంటించి, అలాగే వదిలేశారు. 60 ఏళ్లు దాటినా ఎడమపక్క బోడే.

ఆ ఒంటిపక్క హెల్మెట్‌ను చూసి అసూయపడాల్సింది విశాఖ స్టీల్‌ప్లాంటే. బంతి పట్టుకుని పరిగెత్తే జట్టుకు నెత్తిమీదైనా ఇనుప ఖనిజం ఉంది. ఉక్కు తయారుచేసే మన కర్మాగారానికి సొంత ఇనుప గని లేదు. బైలదిల్లా ఖనిజం 1960ల నుంచి కేకే రైల్వే లైను మీద దిగివచ్చి, విశాఖ పోర్టులోనే ఓడెక్కి జపాన్ వెళ్లింది. గుమ్మంలో ఉన్న ప్లాంటు మాత్రం మార్కెట్ ధరకు కొనుక్కోవాలి. కొని, అప్పులకు వడ్డీలు కట్టి, ఆపైన నష్టమొస్తే ప్రభుత్వరంగానికి చేతకాదంటారు. హెల్మెట్ వాళ్లది, టోపీ మనకు.

1974 నుంచి 1979 వరకు ఆరు సీజన్లలో స్టీలర్స్ నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మిల్లులకు మూడింది. 1986లో హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారం మూతపడింది. అక్కడిప్పుడు షాపింగ్ సెంటర్. పన్నెండు పొగగొట్టాలను అలంకారంగా మిగిల్చారు.

దీన్ని విజయగాథ అని చెప్పడానికి నోరెలా వస్తుంది? కప్పు గెలిస్తే కొలిమి దగ్గర పనిపోయినవాడి ఇంట్లో పొయ్యి వెలగలేదు. అమెరికా అంతటా స్టీలర్స్ అభిమానులున్నారని గొప్పగా చెబుతారు. ఎందుకున్నారు? పనిపోయి మూటాముల్లె సర్దుకుని ఊళ్లు పట్టిపోయినవాళ్లు జట్టు మీది ప్రేమనొక్కటే వెంట తీసుకెళ్లారు గనక. వలసంటే ఏమిటో ఉత్తరాంధ్రకు ఒకరు స్లైడ్ వేసి చూపించాలా? ప్లాంటు కోసం 64 గ్రామాలు భూములిచ్చాయి. పునరావాసపు ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగిన నిర్వాసితుడి కొడుక్కి ఇప్పుడు గ్యాలరీ టికెట్ చూపిస్తారా?

అదైనా మన జట్టా? 2024లోనూ 2025లోనూ విశాఖను సొంత మైదానమన్నది ఢిల్లీ క్రికెట్ జట్టు. యజమానుల్లో రాజాం మూలాలున్న జీఎంఆర్ ఉందని సంబరపడాలి కాబోలు. 2014లో విశాఖలో కూత మొదలెట్టిన కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్ తర్వాత హైదరాబాద్ బండెక్కింది. పిట్స్‌బర్గ్‌లోనూ అంతే, స్టేడియం మీద హైంజ్ కెచప్ పేరు పోయి 2022లో ఇన్సూరెన్స్ బ్రోకర్ పేరొచ్చింది.

పారాయణంలో వదిలేసే అధ్యాయం ఒకటుంది. పిట్స్‌బర్గ్ కేంద్రంగా ఉన్న యూఎస్ స్టీల్‌ను 2025 జూన్‌లో జపాన్‌కు చెందిన నిప్పన్ స్టీల్ కొన్నది. నక్కపల్లిలో ఆర్సెలార్ మిట్టల్‌తో కలిసి దిగుతున్న నిప్పనే ఇదీ. ప్రైవేటుకు పుట్టినిల్లయిన అమెరికా కూడా ఊరికే అమ్మనివ్వలేదు. ‘గోల్డెన్ షేర్’ చేతిలో పెట్టుకుంది. హెడ్డాఫీసు ఊరు దాటించాలంటే అధ్యక్షుడు ఒప్పుకోవాలి. ఇక్కడ 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఉపసంఘం పచ్చజెండా ఊపింది విశాఖ స్టీల్‌ప్లాంటులో నూటికి నూరు శాతం వాటా వదులుకోవడానికి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, దాంతోపాటే ఆ పాత నిర్ణయం రద్దు అన్న ఒక్క ముక్క ప్రకటించలేదు.

పిట్స్‌బర్గ్ నుంచి ఏమైనా తెస్తామంటే ముందు ఆ గోల్డెన్ షేర్ తెండి. హెల్మెట్ల సంగతి తర్వాత చూద్దాం.