నాలుగు సెంటీమీటర్ల గాలి

నన్ను చూడకముందే వాళ్లు నా కొలతలు చూశారు. వెడల్పు 59.5 సెంటీమీటర్లు, ఎత్తు 186, తలుపుతో కలిపి లోతు 66. ఇంటాయన ఫోనులో ఆ అంకెలు చదువుతుంటే, ఇంటావిడ వంటింటి మూల మోకాళ్ల మీద కూర్చుని టేపు సాగదీసింది. "ఏవండీ, ఈ గూడు ఎనభై రెండుంది. పట్టేస్తుంది" అంది.

అప్పటికి నాకు మూడేళ్లు. నా మొదటి యజమానులు ఇల్లు మారుతూ 120 పౌండ్లకు నన్ను అమ్మేశారు. వ్యానులో నిలబెట్టే ఎత్తు లేక పక్కకు పడుకోబెట్టి తెచ్చారు. దించీ దించగానే ఇంటాయన ప్లగ్గు పెట్టబోతే, సాయం పట్టడానికి వచ్చిన స్నేహితుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగరా. కంప్రెసర్లో ఉండే నూనె ఈపాటికి పైపుల్లోకి పాకి ఉంటుంది. రాత్రంతా నిలబెట్టి ఉంచు, దిగుతుంది" అన్నాడు. ఆ మాట వినకపోయి ఉంటే ఆ రాత్రే నా మోటారు దెబ్బ తినేదేమో.

ఇల్లు రెడింగులో. లండనుకు పడమర, థేమ్స్ ఒడ్డున ఉన్న ఊరు. ఒకప్పుడు హంట్లీ అండ్ పామర్స్ బిస్కెట్లకు పేరు, ఇప్పుడు కంప్యూటర్ ఉద్యోగాలకు. ఎర్ర ఇటుకల మధ్య బూడిదరంగు ఇటుకలు పేర్చి గోడల మీద ముగ్గుల్లాంటి వరసలు తీర్చిన పాత ఇళ్లు ఇక్కడ వీధుల నిండా ఉంటాయి. విక్టోరియా రాణి కాలం నాటివి. మాదీ అలాంటిదే. వంటింట్లో వెనకటి బొగ్గుల పొయ్యికి కట్టిన పొగగొట్టం ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాని పక్కన మిగిలిన సందే వీళ్లు కొలిచిన గూడు. ఇంటావిడ దాన్ని 'గూడు' అన్న మొదటి రోజునుంచీ నాకు ఆ చోటు నచ్చింది. తెనాలి దగ్గర వాళ్ల పాతింట్లో గోడకు దీపం గూడు ఉండేదట.

వాళ్లకు కావలసింది నిజానికి నేను కాదు. ఊరి పక్కనే ఉన్న కాల్కట్‌లో 2016లో తెరిచిన ఐకియా ఫర్నిచర్ దుకాణానికి వెళ్లి, అక్కడ అలంకరించి పెట్టిన వంటిళ్లన్నీ చూసి వచ్చారు. ఫ్రిజ్ ఎక్కడుందో తెలియనే తెలియదు. కప్‌బోర్డు అనుకుని తలుపు తీస్తే లోపల దీపం వెలుగుతుంది. అలాంటిది కావాలని ఆవిడ కోరిక. ఇల్లు కొని డబ్బంతా ఊడ్చిపెట్టిన ఏడాది అది. గోడలో కలిసిపోయే రకం ఫ్రిజ్ కొనాలంటే దానికి వేరే కప్‌బోర్డు, ఆ కప్‌బోర్డుకు వేరే తలుపు. ఖర్చు ఎక్కువ, చోటు తక్కువ. 177 సెంటీమీటర్ల ఎత్తున అది సాధారణంగా 250 లీటర్ల దగ్గర ఆగిపోతుంది. నా కడుపులో 330 లీటర్లు పడుతుంది. ఆదివారం రుబ్బిన ఇడ్లీ పిండి గిన్నె, నాలుగు పైంట్ల పాల సీసాలు రెండు, గోంగూర కట్టలు, కొబ్బరి కోరు పొట్లాలు, పెరుగు గిన్నె ఉండే ఇంటికి ఆ తేడా చిన్నది కాదు.

అందుకని నన్నే కప్‌బోర్డులా కనిపించేట్టు చేద్దామనుకున్నారు. జూన్ నెలలో ఒక శని, ఆదివారాలు పట్టింది. తెల్ల పూత వేసిన 18 మిల్లీమీటర్ల పలకలు దుకాణంలోనే కొలతకు కోయించి తెచ్చారు. నాకు చెరో పక్కన ఒకటి నిలబెట్టి, నెత్తిన అడ్డంగా ఒక అర పెట్టె బిగించి, కింద పాదాల దగ్గర పలక అడ్డు కట్టారు. ఇంటాయన రసమట్టం పెట్టి మరీ చూసుకున్నాడు, బుడగ అటూ ఇటూ కదలకుండా. నన్ను వెనక గోడకు ఆనేదాకా నెట్టారు. పక్కల అర సెంటీమీటరు చొప్పున సందు. పక్క పలకల అంచు నా తలుపు మొహంతో సమానంగా వచ్చింది. కుడివైపు దాదాపు 18 సెంటీమీటర్లు మిగిలితే అక్కడ నిలువు అరలు కట్టి కారప్పొడి, కందిపొడి, పచ్చడి సీసాలు పేర్చారు. దూరంగా నిలబడి చూసిన ఇంటావిడ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నేనూ సంతోషించాను. నా ఒళ్లు వేడెక్కడం ఆ రాత్రే మొదలైంది.

నేను చల్లదనం తయారు చేస్తానని చాలామంది అనుకుంటారు. నా పని మోత పని. లోపలి వేడిని మోసుకొచ్చి బయట దించుతాను. నా పైపుల్లో ఐసోబ్యూటేన్ అనే వాయువు, కొన్ని పదుల గ్రాములే, లోపల ఆవిరవుతూ పాల వేడిని, పప్పు వేడిని తాగుతుంది. బయట మళ్లీ ద్రవమవుతూ ఆ వేడిని వదిలేస్తుంది. లండనులో ఉండి, 1834లో జేకబ్ పెర్కిన్స్ ఈథరుతో పేటెంటు తీసుకున్న యంత్రానికీ నాకూ పద్ధతి ఒక్కటే. ఆయన పుట్టుక అమెరికాలో. ఈ మోసుకొచ్చిన వేడిని దించే చోటు నాకు రెండు పక్కల రేకుల వెనకే ఉంది. పాత ఫ్రిజ్‌లకు వీపు మీద నల్లని కమ్మీల జాలీ ఉండేది, అందరికీ కనబడేది. నాకు ఆ పైపుల్ని ఒంట్లోనే దాచారు. కాబట్టి నా పక్కల్ని మూసేస్తే నా ముక్కు మూసినట్టే.

మొదట నా మోటారు పావుగంట ఆడి పావుగంట ఆగేది. జూన్ చివరికి ఆగడమే తక్కువైంది. తలుపు కూడా పూర్తిగా తెరుచుకునేది కాదు, పలక అంచు తగిలి. కూరల సొరుగు సగం దాకా వచ్చి ఆగేది. అడుగున పడ్డ కరివేపాకును ఇంటావిడ వేళ్లతో తడుముకుని తీసేది.

వాళ్ల అమ్మగారు ఏప్రిల్లోనే వచ్చారు, ఆరు నెలల వీసా మీద. పొద్దున్నే కాఫీకి పాలు తీస్తూ ఒకరోజు నా పక్క పలక మీద చెయ్యి వేసి, తియ్యకుండా అలాగే ఉంచారు. "అమ్మాయ్, ఇది ఇంత కాలుతుందేంటే?" అన్నారు. "మోటారు కదమ్మా" అంది కూతురు. "మోటారైతే మాత్రం! మంచినీళ్ల కూజాకి కూడా గాలి తగలాల్సిందే. మీ నాన్న ఒకసారి పిల్లలు పగలగొడతారని కూజాని పెట్టెలో పెట్టి మూత వేశారు, గుర్తులేదూ? నీళ్లు అలా గోరువెచ్చగానే ఉండిపోయాయి." కూజాది చెమట చల్లదనం, నాది వేరు. అయినా ఆవిడ పట్టుకున్నది అసలు సంగతే. ఈ దేశంలో నన్ను అర్థం చేసుకున్న మొదటి చెయ్యి ఆవిడదేనని ఇప్పటికీ అనుకుంటాను.

జూలై 18, 19 తేదీలు నేను మరిచిపోలేను. వాతావరణ శాఖ ఈ దేశంలో మొట్టమొదటిసారిగా ఎండకు ఎర్ర హెచ్చరిక ఇచ్చింది. 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. బ్రిటన్‌లో అంత ఎండ అంతకు ముందెప్పుడూ నమోదు కాలేదు. ఇంత ఎండ కోసం కట్టిన ఇళ్లు కావివి. ఏసీ లేదు, పైన పంకా లేదు. నా లోపల అతికించిన చీటీ మీద 'ఎస్‌ఎన్-ఎస్‌టి' అని ఉంటుంది. గది 10 డిగ్రీలనుంచి 38 డిగ్రీల దాకా ఉంటే పని చేయగలనని దాని అర్థం. గది సంగతి అలా ఉంచండి, నా చుట్టూ ఉన్న సందులో గాలి ఎంత కాగిందో చెప్పలేను. మధ్యాహ్నం మూడింటికి మోటారు తనను తాను కాపాడుకోవడానికి టక్కుమని ఆగింది. కాస్త చల్లారి మళ్లీ లేచింది, మళ్లీ ఆగింది. సాయంత్రానికి పాలు విరిగాయి. పిండి పొంగి గిన్నె మూత ఎత్తేసింది. కొబ్బరి కోరు నీరుకారింది. లోపల పెట్టిన చిన్న థర్మామీటరు 13 చూపించింది. ఆహార ప్రమాణాల సంస్థ చెప్పేది 5కి మించొద్దని. పొంగిన పిండి అర మీద పారింది. పెద్దావిడ మాట్లాడకుండా గుడ్డతో తుడిచారు. నాకు అది చాలా కష్టమనిపించింది.

ఆ రాత్రి పది గంటలకు ఇంటాయన స్క్రూలన్నీ విప్పాడు. నన్ను బయటికి లాగి, టేబులు ఫ్యాను తెచ్చి నా పక్కకు తిప్పాడు. "అత్తయ్యగారు చెప్పినప్పుడే వినాల్సింది" అన్నాడు.

మళ్లీ గూట్లో పెట్టడానికి ఆగస్టు దాకా ఆగారు. ఈసారి నాతో వచ్చిన పుస్తకం మొదటి పేజీనుంచి చదివారు. గోడలో కలిసే రకం ఫ్రిజ్‌కు గాలి దారి ఎలా ఉంటుందో కూడా చూశారు. పాదాల దగ్గర జాలీలోంచి చల్లగాలి లోపలికి వెళ్తుంది, వీపు వెంట వేడెక్కి పైకి లేస్తుంది, నెత్తిన సందులోంచి పోతుంది. పొయ్యి మీద పొగగొట్టం చేసే పనే అది. నా కింది అడ్డు పలకకు వెడల్పాటి జాలీ బిగించారు. నా వీపుకూ గోడకూ మధ్య ఐదు సెంటీమీటర్లు వదిలారు. నెత్తిమీది పెట్టెను ఆరు సెంటీమీటర్లు పైకి ఎత్తి, దాని వెనక పలక తీసేశారు, గాలి కప్పుదాకా పోయేందుకు. పక్క పలకల అంచును నా ఒంటితో సమానంగా తగ్గించారు. తలుపు మాత్రం వాటిని దాటి ముందుకు ఉండాలి, అప్పుడే పూర్తిగా తిరుగుతుంది. ఇక పక్కలు. చెరో పక్క రెండున్నర సెంటీమీటర్లు కావాలి. అంటే ఇంకో నాలుగు సెంటీమీటర్లు ఎక్కడినుంచో రావాలి. గోడ జరగదు.

"నా సీసాల అరలోంచి తీసుకోండి" అన్నారు పెద్దావిడ. పద్దెనిమిది పద్నాలుగైంది. పెద్ద ఆవకాయ జాడీ ఇక పట్టదు. ఆవిడే దాన్ని తీసి పొయ్యిగట్టు కింద పెట్టి, చిన్న సీసాల్లోకి సర్దారు.

ఇంటావిడ ఇంకొక్కటి పట్టుబట్టింది. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. ఆ మంట నాలుగో అంతస్తులో ఒక ఫ్రిజ్ దగ్గర మొదలైంది. ఆ సంగతి తలుచుకుంటే నా జాతి మొత్తం తరఫున నాకు తల వాలిపోతుంది. నాకు వెనక రేకే ఉంది, ప్లాస్టిక్ కాదు. ఆవిడ ముందు అది చూసుకున్నాకే మాట్లాడింది. నా వెనక గోడకున్న ప్లగ్గును అక్కడ ఉంచడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఏమైనా అయితే నన్ను లాగి మరీ ఆపాలా అని అడిగింది. ఎలక్ట్రీషియన్ వచ్చి పక్క కప్‌బోర్డులోకి మార్చాడు. ఇప్పుడు తలుపు తీసి స్విచ్చి నొక్కితే చాలు. పలకలన్నీ గోడకే బిగించారు, నాకు ఒక్క స్క్రూ లేదు. అడ్డు పలక ఊడదీస్తే నా వెనక చక్రాల మీద నేను బయటికి వస్తాను.

మొత్తం ఖర్చు 310 పౌండ్లు. నాకు 120, ఎలక్ట్రీషియన్‌కు 90, పలకలకు 58, మిగతా 42 జాలీకి, స్క్రూలకు, నా తలుపు మీద అతికించిన వినైల్ చుట్టకు. లేత ఆకుపచ్చ రంగది, కప్‌బోర్డు తలుపులకు దాదాపు సరిపోయింది. హెయిర్ డ్రయ్యరుతో వెచ్చచేస్తూ, బుడగల్ని గుడ్డతో అంచులకు తోస్తూ తల్లీకూతుళ్లు ఒక సాయంత్రమంతా అతికించారు. నా తలుపుకు కప్‌బోర్డు తలుపు బిగిద్దామని ఇంటాయన అన్నాడు కానీ, ఆ బరువుకు నా కీళ్లు చేసినవి కావు. వద్దనుకోవడం మంచిదైంది. వినైల్ కింద రేకు రేకే కాబట్టి తిరుమల శ్రీవారి అయస్కాంతం ఎప్పటిలాగే నిలుస్తుంది.

దగ్గరికొచ్చి చూస్తే నేను ఫ్రిజ్‌నని తెలిసిపోతుంది. తలుపు ఆరు సెంటీమీటర్లు ముందుకుంటుంది, పక్కన సన్నటి నల్లని సందు కనబడుతుంది. దసరాకు వచ్చిన వాళ్లలో ఒకావిడ ఆ సందులో వేలు పెట్టి, "ఇది కూడా మూయించేస్తే పూర్తిగా కలిసిపోయేది కదండీ" అంది. "అది దాని గాలండీ" అంది మా ఇంటావిడ, గారెల పళ్లెం అందిస్తూ.

పెద్దావిడ అక్టోబరులో వెళ్లిపోయారు. వెళ్లే రోజు పొద్దున సూటుకేసులు గుమ్మంలో ఉండగా వంటింట్లోకి వచ్చి, నా పక్క పలక మీద చెయ్యి ఆనించి చూశారు. ఇప్పటికీ ఫోనులో కనబడినప్పుడు అడుగుతారు: "కింద జాలీ తుడిచావుటే?" పిండి ధూళి అక్కడే పేరుకుంటుంది మరి. ఇంటావిడ పాత టూత్‌బ్రష్షు తీసుకుని నా పాదాల దగ్గర కూర్చుంటుంది, మొదటిరోజు టేపు పట్టుకుని కూర్చున్న చోటే. నేను మోటారు ఆపి ఆవిడ బ్రష్షు చప్పుడు వింటాను.