కుందేలు విషయంలో ఈ సలహాలు వినకండి

ఏటా ఫిబ్రవరి 10న బడిలో పిల్లలకు నులిపురుగుల మాత్ర వేస్తారు. కుక్కపిల్లను పెంచేవాళ్లు దానికీ మందు పట్టిస్తారు. ఇంట్లోకి కుందేలు రాగానే దానికీ అదే లెక్క చెప్పేవాళ్లు చుట్టూ ఉంటారు. వాళ్లది మంచి మనసే. కానీ మింగింది వాంతి చేసుకోలేని జీవి కుందేలు. పొరపాటున లోపలికి పోయింది బయటికి రాదు. తరచూ వినబడే ఆరు సలహాలను, వాటిలోని ముప్పును, వాటికి బదులు చేయాల్సిన పనిని ఇక్కడ చెబుతున్నాను.

1. "పిల్లల మాత్ర ఉందిగా, చిన్న ముక్క వేసేయ్."

వద్దు. బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర 400 మిల్లీగ్రాములు. రెండు కిలోల జీవికి ఎంత ముక్క సరిపోతుందో చేత్తో విరిచి తేల్చలేం. ఈ మందు కుందేలు ఎముకల్లోని మూలుగను దెబ్బతీసి ప్రాణం తీయగలదు. ఇంతా చేసి, పెంపుడు కుందేలు కడుపులో సాధారణంగా ఉండేది పాసలూరస్ అనే సన్నటి దారంలాంటి పురుగు. అది పెద్దగా హాని చేయదు, మనుషులకు అంటదు. పిల్ల కుందేళ్లను చంపేది కాక్సిడియా. అది కంటికి కనబడని ఏకకణ జీవి. నులిపురుగుల మాత్రకు లొంగదు. పశువైద్యుడి దగ్గరికి తాజా పెంటికలు తీసుకెళ్లి పరీక్ష చేయించండి. ఏముందో తేలాకే మందు.

2. "దాని పెంటికలు అదే తింటోంది, కడుపులో పురుగులున్నాయి."

అది పురుగుల గుర్తు కాదు. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. గట్టిగా గుండ్రంగా ఉండేవి వదిలేస్తుంది. ద్రాక్షగుత్తిలా మెత్తగా, మెరుస్తూ ఉండేవాటిని నేరుగా నోటితో అందుకుని తినేస్తుంది. బి విటమిన్లు, మాంసకృత్తులు దానికి అలాగే అందుతాయి. ఆ అలవాటు మాన్పించకండి.

3. "వారానికోసారి ఫినాయిల్ వేసి కడిగితే చాలు."

చాలదు. కాక్సిడియా పెంటికలతో బయటపడగానే అంటుకోదు. వెచ్చదనం, తడి దొరికితే కొద్ది రోజుల్లో ముదిరి, అప్పుడు అంటుకుంటుంది. రోజూ ఊడ్చేస్తే ముదిరే వ్యవధే దానికి దొరకదు. ఫినాయిల్, బ్లీచింగ్ దాన్ని చంపలేవు. పంజరాన్ని, పళ్లేన్ని మరిగే నీళ్లతో కడిగి, తడి లేకుండా ఎండలో ఆరబెట్టండి. గడ్డిని నేల మీద వేయకుండా ఎత్తులో కట్టండి.

4. "గజ్జికి కిరోసిన్ రాయి, లేకపోతే కుక్కల చుక్కల మందు వేయి."

రెండూ ప్రమాదమే. ఒంటికి రాసింది ఏదైనా కుందేలు నాకేస్తుంది. కుక్కల గోమార్లకు మెడ మీద వేసే ఫిప్రోనిల్ కుందేళ్లకు విషం. చెవుల్లో పొక్కులు కడితే పీకకండి. కింద పచ్చిపుండు ఉంటుంది, నరకయాతన పడుతుంది. వైద్యుడు బరువు చూసి ఇచ్చే మందుతో పొక్కులు వాటంతటవే రాలిపోతాయి. ముక్కు, పాదాల మీద వచ్చే గజ్జి మనకూ దురద తెప్పిస్తుంది కాబట్టి పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

5. "వెల్లుల్లి పెట్టు, పురుగులు చస్తాయి. పార్కులో గరిక కోసుకొచ్చి వేయి."

వెల్లుల్లి, ఉల్లి కుందేలు రక్తకణాలను దెబ్బతీస్తాయి. గరిక మంచిదే, అయితే కుక్కలు తిరిగే చోటిది కాకూడదు. కుక్క పేగుల్లోని ఒక బద్దెపురుగు గుడ్లు దాని మలంతో గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి తిన్న కుందేలు కాలేయంలోకీ కడుపులోకీ పిల్ల పురుగులు చేరి తిత్తులు కడతాయి. ఇంట్లో కుక్క కూడా ఉంటే, దానికి వేళకు మందు వేయించడమే కుందేలుకు కాపుదల.

6. "వెనక కాస్త తడిగా ఉంది, రేపు చూద్దాం."

రేపటిదాకా ఆగకండి. వానాకాలంలో ఈగ ఆ తడి బొచ్చు మీదే గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులో పురుగులు పుట్టి బతికున్న కండను తొలిచేస్తాయి. లావెక్కిన కుందేలు, ముసలి కుందేలు వెనక భాగాన్ని శుభ్రం చేసుకోలేవు. వాటిని రోజుకు రెండుసార్లు ఎత్తి చూడండి. పురుగు కనబడితే ఆ గంటలోనే వైద్యుడి దగ్గరికి బయల్దేరండి. తొట్టిలో ముంచి స్నానం చేయించకండి, బెదురుకే ప్రాణం మీదికి వస్తుంది.

కుందేలు తన నొప్పిని పైకి చూపించదు. అడవిలో నీరసంగా కనబడిన కుందేలే ముందు వేటకు చిక్కుతుంది, ఆ జాగ్రత్త ఇంట్లోనూ పోలేదు. అందుకే పొద్దున ఊడ్చేటప్పుడు పెంటికలను పరకాయించి చూడండి. నిన్నటికన్నా చిన్నవయ్యాయా? తగ్గాయా? మెత్తబడ్డాయా? గడ్డి మిగిల్చిందా? పన్నెండు గంటలుగా ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసరమే. అది చెప్పుకోలేని జబ్బు మీకు ముందుగా తెలిసేది ఆ చీపురు దగ్గరే.