వందన సమర్పణ: సోదరీమణి

మేడే సభ. వేదిక మీద పదకొండు కుర్చీలు. పదింటిలో తెల్ల చొక్కాలు, పదకొండో దాంట్లో ఒక ఎర్ర చీర. కింద షామియానాలో నాలుగు వందల మంది బీడీ కార్మికులు. వాళ్లలో మగవాళ్లు ఇరవై మంది ఉంటే ఎక్కువ. అందులోనూ ముగ్గురు మైకువాళ్లు.

ఎర్ర చీరావిడకు అప్పగించిన బాధ్యత వందన సమర్పణ. సంఘంలో మహిళా సాధికారత ఎందాకా వచ్చిందో తెలియాలంటే కరపత్రంలో అట్టడుగు వరస చూడండి, అక్కడే ఉంటుంది. ఆవిడ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. "మహిళలే ఉద్యమానికి ఊపిరి" అని గంటసేపు ఊపిరి సలపకుండా మాట్లాడిన అధ్యక్షులవారు రైలు టైమైందని అప్పటికే వెళ్లిపోయారు. పాపం, ఆవిడ ఖాళీ కుర్చీకే వందనం చెప్పుకుంది.

పక్కన కూర్చున్న పెద్దావిడను అడిగాను: "కమిటీలోకి మీరెందుకు రారమ్మా?"

ఆమె నవ్వి చూపుడువేలు చూపించింది. దారం చుట్టీ చుట్టీ గీతలు పడి ఉంది. "వెయ్యి చుడితెనే పైసలు బిడ్డా. మీటింగేమో రాత్రి ఏడింటికి పెడ్తరు. ఆ యాళ్లకు నా ఇంట్ల పొయ్యెవరు ముట్టిస్తరు? మా సారొచ్చి ముట్టిస్తడా?"

సారంటే యూనియన్ నాయకుడు. ఫ్యాక్టరీ మేనేజరూ ఆమెకు సారే. ఆ ఇద్దరికీ తేడా చెప్పే మాట ఆమెకు దొరకలేదు.

సారును అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. "మేం వద్దన్నామా? ఆడవాళ్లే ముందుకు రావడం లేదు." యూనియన్ ఆఫీసులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. కమిటీ ఎన్నిక ఎప్పుడూ ఏకగ్రీవమే, ఆ జాబితా సారు జేబులోనే పుడుతుంది. అయినా ముందుకు రానిది ఆడవాళ్లేనట! చాలా ఊళ్లలో పారిశుద్ధ్య కార్మికుల సంఘాలూ ఇంతే. చీపురు పట్టేది దళిత మహిళ, మైకు పట్టేది చీపురు ముట్టని పెద్దమనిషి. ఇదేమిటని అడిగితే "కులం మాటెత్తకండి, ఐక్యత చెడుతుంది" అంటారు.

ఈ జబ్బు పాతదే. అహ్మదాబాద్ జౌళి కార్మిక సంఘాన్ని 1920లో గాంధీ అండతో నిలబెట్టింది ఒక స్త్రీ, అనసూయా సారాభాయ్. ఆ సంఘం మహిళా విభాగంలోంచే 1972లో ఇలా భట్ 'సేవా' అనే మహిళా కార్మిక సంఘాన్ని పుట్టించారు. తోపుడుబండ్ల వాళ్లు, నెత్తిన మూటలు మోసేవాళ్లు అందులో చేరారు. 1981లో గుజరాత్‌లో రిజర్వేషన్ల వ్యతిరేక అల్లర్లు చెలరేగినప్పుడు సేవా దళితుల పక్షాన నోరు విప్పింది. మాతృసంఘం దాన్ని బయటికి గెంటేసింది. ఆడమనిషి కట్టిన ఇంట్లోంచి ఆడవాళ్లను గెంటడానికి ఆ నేరం చాలింది. తర్వాత మిల్లులు మూతపడి గెంటిన సంఘం చిక్కిపోయింది. గెంటించుకున్న సంఘంలో ఇవాళ సభ్యులు 20 లక్షలకు పైనే.

2015 సెప్టెంబరులో కేరళలోని మున్నార్‌లో తేయాకు తోటల ఆడకూలీలు బోనస్ కోసం రోడ్డెక్కారు. కంపెనీ మీద ఎంత కోపమో యూనియన్ నాయకుల మీదా అంతే కోపం. వాళ్లను దగ్గరికి కూడా రానివ్వలేదు. బోనస్, ఎక్స్‌గ్రేషియా కలిపి అడిగిన 20 శాతమూ సాధించుకున్నారు.

అయినా సారుకు ఒక బెంగ: "నాయకత్వ లక్షణాలు రావాలి కదా, ముందు శిక్షణ ఇద్దాం." 2023 డిసెంబరులో మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా టెంట్లు ఎత్తలేదు. ఆ శిక్షణ ఏ సారిచ్చాడు? 1970లో పుట్టిన కార్మిక సంఘాల సమాఖ్య సీఐటీయూకు 2016లో గానీ మహిళా అధ్యక్షురాలు రాలేదు. ఆ వచ్చిన డాక్టర్ కె. హేమలత అంగన్‌వాడీ ఉద్యమంలో పనిచేసిన తెలుగామె. మధ్యలో గడిచింది 46 ఏళ్లు. బీడీలు చుట్టే మనిషి నడుం వంగిపోవడానికి అందులో సగం చాలు.

కాబట్టి నాయకులారా, వచ్చే మేడేకి ఒక చిన్న సవరణ. కమిటీ మీటింగు పగలు పెట్టండి. సభ్యుల్లో ఆడవాళ్లెందరో కుర్చీల్లోనూ అందరుండాలి, దళితులెందరో అందరూ ఉండాలి. అధ్యక్షోపన్యాసం ఆ గీతలుపడ్డ వేలు చేస్తుంది.

వందన సమర్పణ సారు చేస్తారు. రైలు పోయినా సరే, ఆఖరి దాకా కూర్చోవాలి.