సాంచెలు ఆపండి, ఆర్డరు వదులుకోండి

సూరత్‌లో లింబాయత్, ఉధనా వైపు పాతిక సాంచెలు (మరమగ్గాలు) నడిపే తెలుగు ఆసాములకు నేను చెప్పేవి వినగానే పిచ్చి సలహాల్లా ఉంటాయి. అయినా పాటించండి.

ముందు లాభం లెక్క పక్కన పెట్టండి. రేపటి నుంచి పైసా రాకపోతే ఎన్ని రోజులు నిలబడతారో చూడండి. షెడ్డు కిరాయి, కరెంటు, బ్యాంకు కిస్తీ, ఇంటి ఖర్చు, పని ఆగినా కార్మికులకు ఇవ్వక తప్పని డబ్బు కలిపి నెలకు 1.5 లక్షలు, చేతిలో 3 లక్షలు ఉంటే మీ బలం 60 రోజులు. సేఠ్ ఇవ్వాల్సిన బాకీ ఇందులో కలపకండి. షెడ్డులో పేర్చిన తానులూ వద్దు. గిరాకీ పడిపోయిన రోజున అందరి దగ్గరా అదే రంగు వేయని గ్రే బట్ట మూలుగుతుంటుంది, అడిగేవాడుండడు. 2020లో మార్చి 25 నుంచి మే 31 దాకా లాక్‌డౌన్ 68 రోజులు. 60 రోజుల బలమున్నా చివరి ఎనిమిది రోజులు అప్పే గతి. షెడ్డు తెరిచిన మర్నాడే పేమెంట్లు రావు కూడా. అందుకే 90 రోజులకు తక్కువైతే నాకు నిద్ర పట్టదు. ప్రతి శనివారం ఆ అంకెను గోడ క్యాలెండరు మీద రాయండి, ఇంట్లోవాళ్లకూ కనబడేలా.

ఎక్కువ రేటిచ్చే పార్టీని వదులుకోండి. మీటరుకు అర్ధరూపాయి ఎక్కువిచ్చి 120 రోజులు తిప్పేవాడికన్నా 30 రోజుల్లో తేల్చేవాడు మేలు. నూలు డబ్బు మీరు ముందే కట్టారు కదా! చిన్న పరిశ్రమల ఉద్యమ్ నమోదు చేయించుకోండి. నమోదైన చిన్న తయారీదారుకు ఒప్పందం రాసుకున్నా 45 రోజుల్లోపు, లేకుంటే 15 రోజుల్లోపు చెల్లించాలి. గడువు దాటి, మార్చి 31 నాటికీ ఇవ్వకపోతే కొన్నవాడు ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపన్ను లెక్కలో చూపుకోలేడు. 2023-24 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. దీని మాటెత్తితే ఆర్డర్లు పోతాయని దలాల్ భయపెడతాడు. కొన్ని పోతాయి కూడా. పోనివ్వండి.

అవసరం లేనప్పుడే బ్యాంకును సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్ అడగండి, తీసుకుని ముట్టకండి. కష్టమొచ్చాక దొరికే వాయిదాలను నమ్ముకోకండి: 2020లో ఆర్‌బీఐ కిస్తీలకు ఆగస్టు 31 దాకా వెసులుబాటు ఇచ్చింది గానీ వడ్డీ ఆగలేదు.

నూలు, కూలీ, కరెంటు ఖర్చు కూడా గ్రే రేటులో తిరిగి రాకపోతే సాంచెలు ఆపేయండి. పరువు పోతుందని నడిపితే మీటరు మీటరుకూ చేతి డబ్బు కరుగుతుంది. కానీ ఆపే ముందు కార్మికులతో మాట్లాడండి. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చినవాళ్లయినా, మన ఊరివాళ్లయినా రైలెక్కక ముందే లెక్క తేల్చి మొత్తం చేతికివ్వండి. ఆ డబ్బు మాత్రం ఎవరి కోసమూ ఆపకండి.